ఆటల ఇంగ్లిషు నుడికారం: కోయిలకుంట్ల ప్రాంతం

క్రికెట్, బాక్సింగ్, టెన్నిస్, బేస్‌బాల్ వంటి ఆటల్లో పుట్టి, మైదానం దాటి రోజువారీ మాటల్లో కలిసిపోయిన పలుకుబళ్లు ఇంగ్లిషులో చాలా ఉన్నాయి. నంద్యాల జిల్లా కోయిలకుంట్లలోనూ, చుట్టూ ఉన్న బనగానపల్లె, ఆళ్లగడ్డ, జమ్మలమడుగు ప్రాంతాల్లోనూ ఇవి బడిపుస్తకాల కంటే ముందు ఆటస్థలంలో, రేడియోలో, పత్రికల్లో జనం చెవిన పడ్డాయి.

ఈ సీమకు ఇంగ్లిషు మొదట వచ్చింది కచేరీ భాషగానే. 1800లో నిజాం ఈ సీమ ఉన్న దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. 1846 జులైలో కంపెనీపై తిరగబడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానా మీద దాడి చేసేనాటికి ఇక్కడి రైతుకు తెలిసిన ఇంగ్లిషు కలెక్టరు, కోర్టు వంటి అధికారపు మాటలే. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ దొర మాత్రం భాషను జనం నోట వెతికాడు. తెలుగు వ్యవహారంలో కలిసిన అన్యదేశ్యాలకు ఆయన ప్రత్యేకంగా కూర్చిన మిశ్రభాషా నిఘంటువు 1854లో మద్రాసులో అచ్చయింది. పరాయి భాష ఏదైనా వాడుకలోనే పట్టుబడుతుందనడానికి ఈ జిల్లాల్లో దొరికే తొలి పెద్ద సాక్ష్యం బ్రౌన్ కృషే.

ఆటల ఇంగ్లిషును పల్లెలకు చేర్చింది ప్రధానంగా క్రికెట్. శనగ కోత అయిపోయి చేను ఖాళీ అయ్యాక మూడు కట్టెలు పాతి ఆడే పిల్లల నోట ‘ట్రయల్ బాలు’, ‘ఎల్బీ’, ‘నోబాలు’, ‘రనౌటు’ తెలుగు మాటల్లాగే పలుకుతాయి. ఇంగ్లిషు వాచకం ఒక్క పేజీ తడబడకుండా చదవలేని పిల్లవాడు కూడా ‘హిట్ వికెట్’ అంటే ఏమిటో చేసి చూపించగలడు. తనకు ఇంగ్లిషు రాదని కుంగిపోయే పిల్లలకు ఇది చిన్న ఆసరా కాదు. ఉపాధ్యాయులు దీన్ని వాడుకోవలసినంతగా వాడుకోలేదు.

ఆట తెలిస్తే నుడికారం ఎంత తేలికవుతుందో చూపడానికి ‘స్టిక్కీ వికెట్’ మంచి ఉదాహరణ. పూర్వం పిచ్‌ను కప్పేవారు కాదు. వానకు తడిసిన పిచ్ ఎండకు ఆరుతున్నప్పుడు బంతి ఎలా లేస్తుందో, ఎటు తిరుగుతుందో బ్యాటరుకు అంతుబట్టేది కాదు. అక్కడినుంచి ఆ మాట ఇరకాటంలో పడ్డ మనిషికి వచ్చింది. వానకు నానిన రేగడి చేలో అడుగు తీసి అడుగు వేసిన కుందూ ప్రాంతపు రైతుకు ఈ మాటను విడమరిచి చెప్పే పని లేదు. ‘హ్యాట్రిక్’ చరిత్ర ఇంకో రకం. 1858లో ఇంగ్లండులోని షెఫీల్డులో హెచ్.హెచ్. స్టీఫెన్‌సన్ వరుసగా మూడు బంతుల్లో మూడు వికెట్లు తీస్తే, చందా వేసుకుని అతనికి టోపీ కొనిచ్చారు. ఆ మాటే చివరకు తెలుగు సినిమాకెక్కింది. ‘చిత్రం’, ‘నువ్వు నేను’, ‘మనసంతా నువ్వే’ వరుసగా ఆడిన తర్వాత ఉదయ్‌కిరణ్‌ను ప్రేక్షకులు హ్యాట్రిక్ హీరో అన్నారు.

తెలుగులోనూ ఆటల్లో పుట్టిన నుడికారానికి కొదవ లేదు. ఎత్తుకు పైఎత్తు, ఆట కట్టించడం చదరంగానివి. పాచిక పారడం జూదానిది. ఆటలో అరటిపండు పిల్లలందరికీ తెలుసు. బాక్సింగులో ఓటమి ఒప్పుకుంటూ బరిలోకి తువ్వాలు విసరడం నుంచి వచ్చిన ఇంగ్లిషు మాటకు మన ‘కాడి పడేయడం’ సరిగ్గా సరిపోతుంది. బండలాగుడు పోటీల్లో ఎద్దుల సత్తాకు ఊరంతా ఈలలు వేసే ఈ సీమలో ఆ మాటకున్న బరువు నిఘంటువులో దొరకదు.

ఆటల ఇంగ్లిషు ప్రచారంలో రేడియోది, పత్రికలది పెద్ద పాత్ర. ఆకాశవాణి కడప కేంద్రం 1963లో మొదలైంది. ఇంగ్లిషు, హిందీ కామెంటరీని సగం అర్థమై, సగం కాక విన్నవాళ్లు ఆ ఊపును బట్టే భావం పట్టుకున్నారు. 1983 ప్రపంచ కప్పు గెలిచిన కపిల్‌దేవ్, ఢిల్లీ పుస్తక్ మహల్ వారి ర్యాపిడెక్స్ ఇంగ్లిష్ స్పీకింగ్ కోర్సు ప్రకటనల్లో కనిపించాడు. ఆ పుస్తకం తెలుగులోనూ వచ్చింది. పత్రికల్లో రాజకీయ నాయకులు ‘బ్యాక్‌ఫుట్’లో పడ్డారు, కొందరు ‘సెకండ్ ఇన్నింగ్స్’ మొదలుపెట్టారు. ‘బంతి వాళ్ల కోర్టులో ఉంది’ అనే టెన్నిస్ మాట మాత్రం కుదురుకోలేదు. టెన్నిస్ చూడని పాఠకుడికి కోర్టు అనగానే జడ్జీ, వాయిదాలే గుర్తొస్తాయి.

అసలు చిక్కు బేస్‌బాల్‌తో వచ్చింది. ఈ ప్రాంతం నుంచి హైదరాబాదు, బెంగళూరు సాఫ్ట్‌వేర్ కొలువులకు వెళ్లినవారికి అమెరికా క్లయింట్ల నోట ‘బాల్‌పార్క్ ఫిగర్’, ‘టచ్ బేస్’, ‘కర్వ్‌బాల్’ ఎదురయ్యాయి. మొదటిది ఉజ్జాయింపు లెక్క, రెండోది ఒకసారి మాట్లాడుకోవడం, మూడోది అనుకోకుండా వచ్చిపడ్డ చిక్కు. ఆడని ఆట కాబట్టి ఇవి కంఠతా పట్టవలసిన మాటలయ్యాయి. హైదరాబాదులో క్రికెట్ ఆడుతూ పెరిగిన మైక్రోసాఫ్ట్ అధినేత సత్య నాదెళ్ల తన ‘హిట్ రిఫ్రెష్’ (2017) పుస్తకంలో నాయకత్వ పాఠాలను క్రికెట్ నుంచే చెప్పారు. అక్కడ అమెరికా పాఠకుడే మన ఆటను నేర్చుకోవలసి వచ్చింది.

2014లో ప్రో కబడ్డీ వచ్చింది. కూతకు వెళ్లడం ‘రైడ్’ అయింది. 2018 నుంచి ఐపీఎల్ తెలుగు కామెంటరీతోనూ ప్రసారమవుతోంది. ఆట ఇప్పుడు ఇంటిల్లిపాదికీ అర్థమవుతోంది, అది మంచిదే. అయితే పూర్తి ఇంగ్లిషు వాక్యం చెవిన పడే సందర్భం తగ్గింది. ‘సిక్సు’, ‘యార్కర్’ వంటి విడి మాటలు మిగిలాయి గానీ, పిచ్‌లను కప్పి ఉంచే ఈ రోజుల్లో ‘స్టిక్కీ వికెట్’ కొత్త తరం పిల్లల దాకా రావడం లేదు.