జేబులో పైసా లేకుండా

1974 మే 25న నేపాల్ సరిహద్దులోని అస్కోట్ నుంచి కొందరు కుర్రాళ్లు పడమటి దిక్కుగా నడక మొదలుపెట్టారు. చేరాల్సింది హిమాచల్ అంచున ఉన్న ఆరాకోట్. అప్పటికి ఉత్తరాఖండ్ రాష్ట్రం లేదు, అవన్నీ ఉత్తరప్రదేశ్ కొండ జిల్లాలే. శేఖర్ పాఠక్, శంశేర్ సింగ్ బిష్త్, కున్వర్ ప్రసూన్, ప్రతాప్ శిఖర్ ఆ నడకలో ఉన్నారు. వెళ్లి చూసి రండని పురమాయించింది సుందర్‌లాల్ బహుగుణ. టెహ్రీ జైల్లో 84 రోజులు నిరాహారదీక్ష చేసి 1944లో ప్రాణాలు విడిచిన శ్రీదేవ్ సుమన్ పుట్టినరోజు కాబట్టి ఆ తేదీ ఎంచుకున్నారు.

వాళ్లు పెట్టుకున్న నియమాల్లో అసలైనది ఒకటుంది: జేబులో డబ్బు ఉండకూడదు. పొద్దుగూకేసరికి ఏ ఊరు చేరితే ఆ ఊళ్లోనే, పెట్టినవాళ్ల ఇంట్లో తిని అక్కడే పడుకోవాలి.

వినడానికి సాధువుల వ్రతంలా ఉంటుంది గానీ, నా దృష్టిలో అడవిని చదవడానికి అంతకంటే మంచి పద్ధతి ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. డబ్బున్నవాడు టీకొట్టు దగ్గరే ఆగిపోతాడు. లేనివాడు పొయ్యి దాకా వెళ్తాడు. పొయ్యిలో మండుతున్నది బాంజ్ (కొండ ఓక్) కట్టెలా, పైన్ కట్టెలా? ఎవరు మోసుకొచ్చారు? తెల్లారుజామున ఎన్నింటికి బయల్దేరారు? పోయినేడు ఇంత దూరం పోవాల్సి వచ్చిందా? రొట్టె కాలేలోపు ఈ మాటలన్నీ వచ్చేస్తాయి. అటవీ శాఖ లెక్కల పుస్తకంలో మాత్రం ఇవి దొరకవు. పైగా అది చిప్కో ఉద్యమ కాలం: రేణి గ్రామంలో గౌరాదేవి, తోటి ఆడవాళ్లు చెట్లు నరకడానికొచ్చిన కాంట్రాక్టరు మనుషుల్ని అడ్డుకుని రెండు నెలలు కూడా కాలేదు.

ఆ దారిలో కుమావూ ప్రాంతానికి ఒక పాత కథ ఉంది. 1911 తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం అక్కడి అడవుల్ని రిజర్వు చేసి, కలపకీ జిగురుకీ పనికొచ్చే చిర్ పైన్‌ను నెత్తిన పెట్టుకుంది. ఊరివాళ్లకి కావలసింది బాంజ్. దాని ఆకు పశువులకి మేత, రాలితే పొలానికి ఎరువు. పైన్ సూదులు పరుచుకున్న చోట గడ్డి సరిగా మొలవదు, నిప్పు మాత్రం ఇట్టే అంటుకుంటుంది. 1921లో జనం అడవుల్ని తగలబెట్టారు. సర్కారు దిగొచ్చి ఫిర్యాదుల కమిటీ వేసింది. ఆ మీద 1931లో వన పంచాయతీల నిబంధనలు వచ్చాయి. ఊరే సభ్యుల్ని ఎన్నుకుంటుంది, కావలివాణ్ణి పెట్టుకుంటుంది, గడ్డి కోతకి ఎప్పుడు తెరవాలో తేలుస్తుంది, దొంగచాటుగా నరికినవాడికి జరిమానా వేస్తుంది. నిప్పుపెట్టిన ప్రాంతంలోనే తర్వాత కాపలా కాసేవాళ్లు ఎలా తయారయ్యారన్నది ఈ పంచాయతీల మీద పరిశోధన చేసిన అరుణ్ అగ్రవాల్ పుస్తకమంతా నడిపిన ప్రశ్న. మన ఆంధ్రప్రదేశ్‌లో వన సంరక్షణ సమితులు 1992లో మొదలయ్యాయి; వాటికంటే ఇవి అరవై ఏళ్లు పెద్దవి. ఇప్పుడు పదివేలకు పైగా ఉన్నాయి. అయితే 1976 నిబంధనలతో అటవీ శాఖ పెత్తనం పెరిగింది. కాగితం మీద పంచాయతీ, తాళంచెవి ఆఫీసులో అన్నట్టు తయారైంది చాలాచోట్ల.

నడిచొచ్చిన కుర్రాళ్లు చదువుల్లోకి ముడుచుకుపోలేదు. అడవి వేలాలకు వ్యతిరేకంగా 1977లో నైనిటాల్‌లో జరిగిన గొడవల్లో విద్యార్థులే ముందున్నారు. పాఠక్ చరిత్ర అధ్యాపకుడయ్యాడు, 1983లో 'పహాడ్' సంస్థకు ప్రాణం పోసినవారిలో ఒకడయ్యాడు. చిప్కో చరిత్రను ఊరివాళ్ల వైపు నుంచి రాశాడు. ఇక్కడ నాకు నచ్చేది వాళ్ల మొండితనం. ఒకసారి నడిచి ఊరుకోలేదు. 1984, 1994, 2004, 2014, 2024లో మళ్లీ అదే దారి పట్టారు. రానురాను అస్కోట్ కంటే ఎగువనున్న పాంగు నుంచి బయల్దేరడం అలవాటైంది. పాతవాళ్ల పక్కన ప్రతిసారీ కొత్త విద్యార్థులు. అవే లోయలు, పదేళ్ల తేడాతో. ఒక ఊరి అడవి పెరిగిందా తరిగిందా అన్నది ఉపగ్రహం కూడా చెబుతుంది. ఎందుకన్నది చెప్పాలంటే ఆ ఇంటి ముసలమ్మను పదేళ్ల కింద అడిగి ఉండాలి.

ఇప్పుడు ఇబ్బంది ఆ ముసలమ్మ దగ్గరే వచ్చింది. 2011 జనాభా లెక్కలకే ఉత్తరాఖండ్‌లో వెయ్యికి పైగా ఊళ్లలో మనిషన్నవాడు లేడు. పిల్లలు డెహ్రాడూన్‌కో ఢిల్లీకో దిగిపోయారు. తాళాలు పడ్డ ఇళ్ల మధ్య వన పంచాయతీకి ఎన్నిక జరపాలంటే మనుషులు కావాలి, గడ్డి కోయాలంటే పశువులుండాలి. అన్నం పెట్టే ఇల్లే లేని చోట డబ్బు లేకుండా నడిచేవాళ్ల నియమం ఏమవుతుందో 2034లో బయల్దేరేవాళ్లు తేల్చుకోవాల్సి ఉంటుంది.