పది మైళ్ళు, అయిదు కిలోమీటర్లు, మా ఇంటి సైకిలు

మా కర్నూలు, కడప సీమలో కూలిమనిషి పనికి ఎంత దూరం నడవాలన్నది రెండుసార్లు సర్కారు కాగితాల మీదికెక్కింది.

మొదటిసారి 1877లో. ధాత కరువు కాలం. 1871 జనాభా లెక్కల్లో తొమ్మిది లక్షల పైచిలుకు ఉన్న కర్నూలు జిల్లా 1881 నాటికి ఏడు లక్షల లోపుకు పడిపోయిందంటే ఆ కరువు ఎలాంటిదో ఊహించుకోండి. పనికి వచ్చేవాళ్ళు నిజంగా ఆకలితో వస్తున్నారా, ఊరికే వస్తున్నారా అని తేల్చడానికి దొరలు పెట్టిన పరీక్షల్లో ‘దూర పరీక్ష’ ఒకటి. ఒంట్లో సత్తువ ఉన్నవాళ్ళకు ఇంటికి పది మైళ్ళ లోపల పని ఇవ్వకూడదు. అంత దూరం నడిచి వచ్చి, ఆ శిబిరంలోనే పడి ఉండటానికి సిద్ధపడితేనే ఆకలి నిజమైనట్టు. వైస్రాయి లిట్టన్ పంపగా వచ్చిన రిచర్డ్ టెంపుల్ మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా ఖరారు చేశాడు. ఆడదానికీ పిల్లలకూ అంతకన్నా తక్కువ. ఈ తిండి పనిచేసే ఒంటికి చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ పోట్లాడాక కొంత పెంచారు. ఒంటికి ఎంత తిండి కావాలన్న లెక్క అట్లా అయినా జరిగింది. చంకలో బిడ్డతో పది మైళ్ళు నడిచిన తల్లికి ఆ నడకలో ఎంత సత్తువ పోయిందో లెక్కకట్టిన కాగితం మాత్రం నా కంట పడలేదు.

రెండోసారి 2005లో. గ్రామీణ ఉపాధి హామీ చట్టం. పని ఊరికి అయిదు కిలోమీటర్ల లోపల చూపించాలి, అంతకు మించితే పది శాతం కూలి అదనంగా ఇవ్వాలి అని రాశారు. ఈ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న మన రాయలసీమలోనే, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలుపెట్టారు. తేడా చూడండి. మొదటి దాంట్లో ఇంతకన్నా తక్కువ నడవనివ్వం అన్నారు. రెండో దాంట్లో ఇంతకన్నా ఎక్కువ నడిపించం అన్నారు. నడక కూడా కూలిలో భాగమేనని, దానికో ధర ఉంటుందని ఒప్పుకోవడానికి 128 ఏళ్ళు పట్టింది. అదీ అయిదు కిలోమీటర్లు దాటాకే.

ఈ లెక్కలన్నీ నేను తిరగెయ్యడానికి కారణం చాలా చిన్నది. కర్నూలులో మా ఇంటి నుంచి నేను పనిచేసే ఆఫీసు మూడు కిలోమీటర్లు. ఇరవై ఏళ్ళుగా సైకిలు మీద పోతున్నాను. సైకిలు మానేసి నడిచి వెళితే ఎట్లా ఉంటుందని కొన్నాళ్ళుగా ఆలోచిస్తున్నాను. అడిగినవాళ్ళంతా మోకాళ్ళ గురించీ షుగరు గురించీ మాట్లాడారు. నాకు మాత్రం మా అమ్మ గుర్తొచ్చింది.

ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి వెళ్ళిన కోవెలకుంట్ల పక్క పల్లె మాది. అమ్మ కలుపుకూ పత్తి తీతకూ పోయేది. తెల్లారకముందే సద్ది మూట కట్టుకుని గుంపుగా కదిలేవాళ్ళు. కూలి లెక్క చేలో వంగినప్పటి నుంచే. నడిచిన దూరం ఎవరి ఖాతాలోనూ పడదు. మా ఇంట్లో హెర్క్యులెస్ సైకిలు ఉండేది. అది నాన్నది. ఎరువుల అంగడికి, సంతకు, ఒక్కోసారి ఊరికే రచ్చబండ దాకా కూడా అది వెళ్ళేది. అమ్మ ఎప్పుడైనా ఆస్పత్రికి పోవలసివస్తే వెనక క్యారియర్ మీద పక్కకు తిరిగి కూర్చునేది. నువ్వెందుకు నేర్చుకోలేదని ఒకసారి అడిగితే, ‘‘నాకు కాళ్ళు లేవా యేంది?’’ అంది. ఆ జవాబు గర్వమో నిష్ఠూరమో ఇప్పటికీ తేల్చుకోలేను.

సైకిలు ఆడవాళ్ళ విముక్తికి చేసినంత మేలు ఇంకేదీ చేయలేదని 1896లో అమెరికాలో సూసన్ బి. ఆంథొనీ అన్న సంగతి మన వ్యాసాల్లో తరచూ కనిపిస్తుంది. నిజమే కావచ్చు. అయితే ఆమె మాట్లాడింది సైకిలు కొనుక్కోగల ఆడవాళ్ళ గురించి. పనికి పోయే దారిలో సైకిలు ఏం చేయగలదో చూడాలంటే మనం దగ్గర్లోనే ఉన్న పుదుక్కోట్టైకి పోవాలి. 1991లో అక్కడ అక్షరాస్యత ఉద్యమం, కలెక్టరు షీలారాణి చుంకత్ చొరవతో, సైకిలు నేర్పడాన్ని కూడా చదువులో భాగం చేసింది. లక్ష మందికి పైగా ఆడవాళ్ళు నేర్చుకున్నారు. 1992 మహిళా దినోత్సవం నాడు పదిహేను వందల మందికి పైగా సైకిళ్ళ మీద ఊరేగారు. పాలగుమ్మి సాయినాథ్ అప్పుడు రాసిన వాటిలో నాకు బాగా నచ్చిన ముచ్చట ఒకటుంది. లేడీస్ సైకిళ్ళు అయిపోతే చాలామంది మగవాళ్ళ సైకిళ్ళే కొన్నారు, కొందరికి అవే నచ్చాయి కూడా. ఎందుకంటే ముందు అడ్డకమ్మి మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చు. చీరకు అడ్డమని మనం అనుకునే కమ్మి అది!

అదే అక్షరాస్యత ఉద్యమం, దాదాపు అవే రోజుల్లో, మన నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా వ్యతిరేక పోరాటానికి దారితీసింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ పోరాటం కర్నూలు, కడప పల్లెలకూ పాకింది. చదువుకున్న అక్షరాలు అక్కడ హ్యాండిలు పట్టుకున్నాయి, ఇక్కడ సారా కొట్టు తలుపు పట్టుకున్నాయి. ఏది గొప్పదన్న పోటీ అక్కర్లేదు గానీ, మన దగ్గర కూలిమనిషి చేతికి సైకిలు మాత్రం రాలేదు. వచ్చినప్పుడు కూలితల్లికి కాదు, బడిపిల్లకు వచ్చింది. 2010ల చివర్లో ‘బడికొస్తా’ పేరిట తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు ప్రభుత్వం సైకిళ్ళు ఇచ్చింది. తల్లులు ఆ సరికి ఆటోలెక్కారు. ఒక్కో ఆటోలో ఎంతమంది కుక్కుకుని పోతారో మిరప కోతల కాలంలో ఈ రోడ్ల మీద తిరిగినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు.

మన నేల కూడా సైకిలుకు అంత చుట్టం కాదనుకోండి. వాన పడితే నల్లరేగడి మట్టి చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య ముద్దకడుతుంది. దిగి, పుల్లతో గీకి, చివరికి సైకిలునే మోసుకుపోవాలి. ఎండాకాలం పల్లేరుకాయలు. అవి కాలికి గుచ్చుకుంటే పీకేసి నడవచ్చు, ట్యూబుకు గుచ్చుకుంటే అంగడి దాకా తోసుకుపోవాలి. అమ్మ జవాబులో ఈ తెలివిడి కూడా ఉండి ఉండొచ్చు.

ఇక నా సంగతి. మూడు కిలోమీటర్లు సైకిలు మీద పావుగంట. నడిస్తే నలభై నిమిషాలు. రానూపోనూ దాదాపు యాభై నిమిషాలు ఎక్కువ. ఈ యాభై నిమిషాలు ఎక్కడి నుంచి తేవాలి అన్నదే అసలు తగువు. ఆఫీసు ఇవ్వదు. నిద్రలోంచి తీస్తే మోకాళ్ళ కోసం మొదలుపెట్టిన నడక తలనొప్పితో తేలుతుంది. మిగిలింది వంటిల్లు. ఇరవై ఏళ్ళ కిందట సైకిలు కొన్నప్పుడు మిగిలిన సమయమంతా నేను చెప్పకుండానే వంటింట్లోకి పోయింది. రెండు కూరలు మూడయ్యాయి, టిఫిన్ డబ్బాలు రెండు నాలుగయ్యాయి. చక్రం నాదే, అది మిగిల్చిన పూట నాది కాలేదు.

అందుకని నడుస్తానని ఇంట్లో చెప్పినప్పుడు ఆరోగ్యం మాట ఎత్తలేదు. ఉదయం ఎనిమిది తర్వాత వంటింట్లో ఉండనని మాత్రం చెప్పాను. మా ఆయన, ‘‘నడక సాయంత్రం పెట్టుకోరాదూ’’ అన్నారు. సాయంత్రం పెట్టుకునేది వ్యాయామం, నేను అడుగుతున్నది పనికి పోయే దారి అన్నాను. రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు ఆయన బియ్యం ఎన్ని గ్లాసులు పోయాలని అడిగారు.

ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు ఎండకు తొమ్మిది దాటాక నడవడం కుదరదు. ఆ రెండు నెలలూ మళ్ళీ సైకిలే. అమ్మేయమని పక్కింటివాళ్ళు అడిగారు, ఇవ్వలేదు. వెనక టైరు మార్పించి, చైనుకు నూనె పెట్టించి గోడకు ఆనించాను. డబ్బాలు మాత్రం ఇప్పుడు రెండే.