రోజుకి షిల్లింగు మూడు పెన్నీలు

లండన్ వెళ్ళేముందు నేను చేసిన మొదటి పని ఎక్సెల్‌లో పద్దు రాసుకోవడం. బ్రిటిష్ లైబ్రరీలో పాత ఇండియా ఆఫీసు కాగితాలు చూడాలి, నాలుగు నెలలుండాలి. గది అద్దె పక్కన పెడితే రోజుకి పద్దెనిమిది పౌండ్లు. అమ్మ వెనక నుంచి తొంగి చూసి "పద్దెనిమిదేనా? నయమే" అంది. పక్క గడిలో నూట అయిదుతో గుణించి చూపించాను. "రోజుకా?" అని ఒక్క మాట అడిగి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పద్దు మొదటి వారంలోనే తప్పింది. చవగ్గా వస్తోంది కదా, చుట్టుపక్కల ఇడ్లీ దోసె దొరుకుతాయి కదా అని ఈస్ట్‌హామ్‌లో గది తీసుకున్నాను. లైబ్రరీ ఉన్నది సెయింట్ పాంక్రస్‌లో. రైలుకి రానూపోనూ ఏడు పౌండ్ల పైచిలుకు. అద్దెలో మిగిలిందనుకున్నదంతా రైలు తినేసింది. ఫెలోషిప్ ఇస్తానన్న సంస్థ మొదటి వాయిదా తొమ్మిదో వారానికి గానీ పంపలేదు. అప్పటిదాకా నడిచింది నాన్న రద్దు చేసుకున్న ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద. ఆ రోజుల్లోనే, ఆ రైల్లోనే, గాంధీ ఆత్మకథలో లండన్ అధ్యాయాలు మళ్ళీ చదివాను. బళ్ళో నీతిపాఠంగా చదివినవాటిని ఈసారి లెక్కలుగా చదివాను.

గాంధీ 1888 సెప్టెంబరు 4న బొంబాయిలో ఓడెక్కాడు. ఇంకా పందొమ్మిది నిండలేదు. దిగగానే విక్టోరియా హోటల్. అక్కణ్ణించి బయటపడేసరికి బిల్లు మూడు పౌండ్లు. మాంసం ముట్టనని తల్లికి మాటిచ్చి వచ్చినవాడు కనక అక్కడ తిన్నదీ ఏమీ లేదు, ఆకలితోనే కట్టాడు. ఆ తర్వాత మూణ్ణెల్లపాటు దొర కావాలన్న సరదా. పందొమ్మిది షిల్లింగుల టోపీ, బాండ్ స్ట్రీట్‌లో కుట్టించిన పది పౌండ్ల సూటు, మూడు పౌండ్లు కట్టి ఆరు క్లాసులతో ఆపేసిన డాన్సు, ఇంకో మూడు పౌండ్లకి వయొలిన్. డబల్ బంగారు గొలుసు పంపమని అన్నకి రాస్తే ఆయన పంపాడు కూడా. ఈ భాగం అందరికీ తెలిసిందే, మనవాళ్ళు చెప్పి నవ్వుకునేదే.

నాకు ఆసక్తి ఆ తర్వాతి దాని మీద. సరదా రోజుల్లో కూడా ఆయన ప్రతి ఫార్దింగూ రాసేవాడు. ఫార్దింగంటే పెన్నీలో నాలుగో వంతు. బస్సు ఛార్జీ, తపాలా బిళ్ళ, పేపరు కొన్న కాసిని రాగి డబ్బులు అన్నీ ఎక్కించి, రాత్రి పడుకోబోయే ముందు నిలవ తేల్చేవాడు. దుబారా చేసిన నెలల్లోనూ చిట్టా సరిగ్గానే ఉందన్నమాట. రాసుకున్నంత మాత్రాన ఖర్చు తగ్గదు. తగ్గించాలని నిర్ణయించుకున్న రోజున ఎక్కడ కొయ్యాలో మాత్రం తెలుస్తుంది. ఆయనకి తెలిసింది.

మొదటి కోత ఇంటి మీద. ఒక కుటుంబంతో కలిసి ఉంటే వారం వారం బిల్లు కట్టాలి. బయట తిన్నా ఆ పూట సొమ్ము తగ్గించరు. పైగా మర్యాదకి ఆ ఇంట్లోవాళ్ళని అప్పుడప్పుడు భోజనానికి తీసుకెళ్ళాలి, ఆడవాళ్ళు వెంట ఉంటే ఖర్చంతా మగవాడిదే. అందుకని విడిగా రెండు గదులు తీసుకున్నాడు, అదీ పని ఉన్న చోటికి అరగంటలో నడిచి వెళ్ళగలిగేంత దగ్గర్లో. దాంతో బండి ఛార్జీలు పోయాయి. రోజుకి ఎనిమిది పది మైళ్ళ నడక వచ్చింది. ఈస్ట్‌హామ్ రైల్లో నిలబడి ఈ వాక్యాలు చదువుతుంటే నాకెలా ఉండి ఉంటుందో ఊహించుకోండి.

తర్వాత తనకన్నా పేద విద్యార్థుల సంగతి తెలిసింది. ఒకతను వారానికి రెండు షిల్లింగుల గదిలో ఉంటూ, లాక్‌హార్ట్ కోకో దుకాణంలో పూటకి రెండు పెన్నీల కోకో, రొట్టెతో బతికేవాడు. దాంతో గాంధీ రెండు గదుల్లో ఒకటి వదిలేశాడు. ఒక స్టవ్ కొన్నాడు. పొద్దున ఓట్ల జావ, కోకో, మధ్యాహ్నం బయట, రాత్రి మళ్ళీ ఇంట్లో రొట్టె, కోకో. వంటకి ఇరవై నిమిషాలు. రోజు ఖర్చు షిల్లింగు మూడు పెన్నీలకి దిగింది.

షిల్లింగుకి పన్నెండు పెన్నీలు కనక ఇది పదిహేను పెన్నీలు. రూపాయల్లో ఎంత? జవాబు అదే పుస్తకంలో ఇంకో చోట దొరుకుతుంది. బారిస్టర్ కావాలంటే ఇన్‌లో విందులకి హాజరు కావాలి. ఒక్కో విందుకి రెండున్నర నుంచి మూడున్నర షిల్లింగులు, అంటే రెండు మూడు రూపాయలు అంటాడు. ముప్పై పెన్నీలు రెండు రూపాయలైతే పదిహేను పెన్నీలు సరిగ్గా ఒక రూపాయి. ఆయన తన రోజుని ఒక రూపాయిలో ఇమిడ్చాడు. విందుకెళ్ళిన రోజున మాత్రం రెండు రోజుల తిండి ఒక్క పూటలో పోయేది, అదీ రొట్టె, ఉడికించిన బంగాళాదుంప, క్యాబేజీ తినడానికి. నలుగురికి రెండు వైన్ సీసాలిచ్చేవారు. తాగడు కాబట్టి తమ బల్ల దగ్గరికి రమ్మని మిగతావాళ్ళు పోటీపడేవారట. బాండ్ స్ట్రీట్ సూటుని ఇదే కొలతతో కొలిస్తే నూట అరవై రోజుల తిండి.

రూపాయి అప్పుడు అంత తక్కువకి దిగి ఉండటమూ కథలో భాగమే. 1870ల మొదట్లో రూపాయికి దాదాపు రెండు షిల్లింగులు వచ్చేవి. ప్రపంచమంతా వెండి ధర పడిపోతుంటే వెండి రూపాయీ దాంతోపాటే పడింది. 1893లో సర్కారు టంకశాలల్లో జనం తెచ్చిన వెండికి రూపాయలు కొట్టివ్వడం ఆపేసింది. అంటే గాంధీ కన్నా పదిహేనేళ్ళ ముందు వెళ్ళినవాడికి అదే కోకో, అదే రొట్టె చాలా తక్కువ రూపాయల్లో వచ్చేవి. విదేశంలో రోజు ఖర్చు ఎంత పొదుపుగా వేసుకున్నా, అందులో ఒక అంకె ఎప్పుడూ మన చేతిలో ఉండదు. మా పెదమావయ్య డెబ్భైల మొదట్లో ఎనిమిది డాలర్లతో అమెరికాలో దిగాడని మా ఇంట్లో పురాణంలా చెప్తారు. అది ధైర్యమేమీ కాదు, రిజర్వ్ బ్యాంకు అంతకు మించి ఇచ్చేది కాదు. ఇప్పుడు ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లు పంపుకోవచ్చు. నాకున్న హద్దు మాత్రం నాన్న డిపాజిట్టే.

ఇంకో చిన్న అంకె ఉంది. సముద్రం దాటుతున్నందుకు బొంబాయిలో కులపెద్ద గాంధీని వెలివేశాడు. అతనికి సాయం చేసినా, రేవుకి వెళ్ళి సాగనంపినా జరిమానా రూపాయి నాలుగణాలు. లండన్‌లో ఆయన ఒక రోజు తిండికన్నా పావలా ఎక్కువ. ఆ భయంతోనే దారిఖర్చుల సొమ్ము దాచిన బావమరిది డబ్బివ్వనన్నాడు. ఒక స్నేహితుడి దగ్గర తీసుకుని ఓడెక్కాల్సి వచ్చింది.

అసలా సొమ్మంతా ఎవరిది? చదువంతటికీ నాలుగైదు వేలు మించదని కుటుంబానికి సలహా ఇచ్చిన జోషీగారు లెక్క చెప్పారు. రెండు మూడు వేలు వస్తాయి కదా, కస్తూర్బా నగలు అమ్మేద్దామా అనుకున్నాడు గాంధీ. ఎలాగో నేను చూస్తానని అన్న లక్ష్మీదాసు పూచీపడ్డాడు. అయిదు వేలే అనుకుని ఆ దాదాపు వెయ్యి రోజులకీ పంచి చూశాను: రోజుకి అయిదు రూపాయలు, ఓడ టిక్కెట్లూ ఫీజులూ అన్నీ కలిపి. రాత్రుళ్ళు నిలవ తేల్చుకుంటున్న కుర్రాడికి ఈ సంగతి తెలుసు. తన గొప్పల ఖర్చు కుటుంబం స్థితికి తగినట్టు లేదని, అన్న కష్టపడి పంపుతున్నాడని ఆయనే రాసుకున్నాడు. ఫార్దింగుల లెక్క పిసినారితనంగా కాక అన్నకి అప్పజెప్పాల్సిన లెక్కగా నాకు కనిపించింది అక్కడే. రాజకోటలో చంటిబిడ్డతో మిగిలిన కస్తూర్బా పక్షాన ఆ మూడేళ్ళ పద్దు మాత్రం ఎవరూ రాయలేదు.

తర్వాత దక్షిణాఫ్రికాలో ఉండగా, 1893-94 ప్రాంతంలో, లండన్ వెళ్ళే భారతీయుల కోసం గాంధీ ఒక గైడ్ రాశాడు. ఏ బట్టలు కొనాలి, ఎంతకి, ఏం తినాలి అన్నీ ఉన్నాయి. వారానికి ఒక పౌండుతో గౌరవంగా బతకొచ్చని వాదిస్తాడు. ఇరవై షిల్లింగుల్లో తన పాత తిండి ఖర్చు వేస్తే ఎనిమిది షిల్లింగుల తొమ్మిది పెన్నీలు, మిగతాది గదికీ పైఖర్చులకీ. ఆయన బతికుండగా ఆ గైడ్ అచ్చు కాలేదు. సంపుటాల్లో చేరింది ఆ తర్వాతే.

1891 జులైలో ఇంటికి చేరేసరికి తల్లి లేదు. ఆ కబురు లండన్‌కి రాయకుండా దాచారు. తమ్ముడు బారిస్టరయ్యాడని అన్న ఇంట్లో పింగాణీ సామాను చేర్చాడు. తమ్ముడు తన వంతుగా లండన్‌లో డబ్బు మిగిల్చిన ఓట్ల జావ, కోకో ప్రవేశపెట్టాడు. టీ కాఫీలకి బదులుగా అనుకున్నాడు గానీ అవి మానలేదు, ఇవి వాటితోపాటు చేరాయి. రాజకోటలో ఇంటి ఖర్చు రోజురోజుకీ పెరిగింది. కట్టింది లక్ష్మీదాసే.