చెరోకీ ఊళ్ళో గుర్తొచ్చిన గుణింతం

మేము క్యారీలో ఉంటాం. మొన్న సెలవుల్లో అమ్మానాన్నలతో చెరోకీ అనే ఊరికి వెళ్ళాను. అది కూడా నార్త్ కరోలినాలోనే, పడమటి కొండల్లో ఉంది. అక్కడ వీధి పేర్ల బోర్డుల మీద ఇంగ్లీషుతో పాటు ఇంకో లిపి కనిపించింది. అదేమిటో నాన్నకీ తెలీదు. మ్యూజియంలోకి వెళ్ళాక తెలిసింది, అది చెరోకీ లిపి అని.

దాన్ని తయారుచేసింది సెక్వోయా. ఆయనకి ఇంగ్లీషు చదవడం రాదు. అయినా ఏళ్ళ తరబడి కష్టపడి 1821 నాటికి లిపి పూర్తి చేశారు. ముందుగా నేర్చుకున్నది ఆయన కూతురు అయోకా, ఒక చిన్నపిల్ల!

ఇప్పుడు వాడే అక్షరాలు 85. గ, గి, గు ఇలా ఒక్కో పలుకుకి ఒక్కో అక్షరం. మన గుణింతం గుర్తొచ్చింది. కానీ మన గ, గి, గు చూడ్డానికి అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. అక్కడ దేని రూపం దానిదే. ఒత్తులు మాత్రం లేవు. ఒత్తులంటే భయపడే నాకు కొంచెం అసూయ వేసింది.

1828లో "చెరోకీ ఫీనిక్స్" అనే పత్రిక రెండు భాషల్లో మొదలైంది. పదేళ్ళకే, 1838లో, సైన్యం చెరోకీలను ఇళ్ళలోంచి వెళ్ళగొట్టి ఇప్పటి ఓక్లహోమా వైపు నడిపించింది. సుమారు 16 వేల మందిలో దాదాపు 4 వేల మంది చనిపోయారని అంటారు. ఆ దారినే కన్నీటి బాట అంటారు. కొందరు మాత్రం ఈ కొండల్లోనే ఉండిపోయారు. ఈ ఊరివాళ్ళు వాళ్ళ వారసులే.

తర్వాత బోర్డింగ్ స్కూళ్ళలో చెరోకీ మాట్లాడిన పిల్లల్ని శిక్షించేవారు. ఇప్పుడు ఆ భాష బాగా వచ్చినవాళ్ళు చాలావరకు పెద్దవాళ్ళే. అందుకే 2019లో మూడు చెరోకీ తెగలు కలిసి తమ భాషకి అత్యవసర పరిస్థితి ప్రకటించాయి. ఈ ఊళ్ళో న్యూ కిటువా అకాడమీ అనే బడిలో పిల్లలకి చెరోకీలోనే పాఠాలు చెప్తారు.

తిరిగొస్తూ కార్లో నా గురించి ఆలోచించాను. తెలుగు మాట్లాడినందుకు నన్నెవరూ కొట్టలేదు. రెండో క్లాసులో నేనే మానేశాను. అమ్మమ్మ ఫోన్ చేస్తే "బాగున్నాను" అని ఒక్క మాట చెప్పి అమ్మకి ఇచ్చేసేదాన్ని.

ఆ రాత్రి నేనే ఫోన్ చేశాను. "అమ్మమ్మా, నీకో కథ చెప్తాను" అన్నాను. సెక్వోయా కథంతా తెలుగులోనే చెప్పాను. చాలా తప్పులు వచ్చాయి. అమ్మమ్మ ఒక్కటీ దిద్దలేదు. చివర్లో "ఆ పిల్ల పేరేంటన్నావే?" అని అడిగింది.

ఈ వారం నేను నేర్చుకున్న మాటలు:
పలుకు – నోటితో అనే శబ్దం
వారసులు – ఒక కుటుంబంలో తర్వాత పుట్టినవాళ్ళు
దిద్దడం – తప్పుని సరిచేయడం

నా తప్పులుంటే మీరు మాత్రం దిద్దండి!