వ్యాసపీఠమూ – వేదికా

పురాణ ప్రవచనం మన సొంతమనీ, ఉపన్యాసం తెల్లవారితో వచ్చిందనీ సాధారణంగా చెబుతూ ఉంటారు. ఈ విభజన పైపైది. అసలు తేడా పుట్టుకలో లేదు. శ్రోతకు ఇచ్చే స్థానంలో ఉన్నదని నా అభిప్రాయం.

వ్యాసపీఠం ముందు కూర్చున్నవారికి కథ ముందే తెలుసు. పౌరాణికుడు ఎంత రసవత్తరంగా చెప్పాడన్నదే అక్కడి ప్రశ్న. సందేహం అడగవచ్చు. కాని తీరవలసింది సందేహమే. గ్రంథం వీగిపోవడానికి వీలులేదు.

1879లో కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో వితంతు వివాహాలను సమర్థిస్తూ ఉపన్యసించాడు. ఆయన కూడా శాస్త్రాన్నే ఆధారం చేసుకున్నాడు. అయితే ఆయన చేతిలో శాస్త్రం ఆజ్ఞగా కాక సాక్ష్యంగా నిలబడింది. సాక్ష్యాన్ని ఎదుటిపక్షం నిలదీయవచ్చు. పండితులు నిలదీశారు, ఆయన బదులు చెప్పాడు. ఆ వాదం మాటలతో ముగియక, 1881 డిసెంబరు 11న ఆయన జరిపించిన తొలి వితంతు వివాహంగా ఆచరణకు వచ్చింది.

వేదిక వ్యాసపీఠానికి ఋణపడలేదని మాత్రం అనలేము. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రిలో ఇంగ్లీషులో మాట్లాడితే, చిలకమర్తి లక్ష్మీనరసింహం తెలుగులో వినిపించాడు. దేశాన్ని పాడియావుగా పోల్చిన ఆయన పద్యం నేటికీ జనం నోట ఉన్నది. పాల్ వాదాలు ఎందరికి గుర్తున్నాయి? జనానికి పద్యం పట్టుబడినంతగా తర్కం పట్టుబడదు. ఇది వేదికకు బలమూ, ప్రమాదమూ కూడా.

ఈ చిక్కును 1940లలో ప్రజానాట్యమండలి బుర్రకథ కొంత విప్పింది. జంగం కథల బాణీని నాజర్ వంటి కళాకారులు రైతుకూలీల బతుకు చెప్పడానికి మలిచారు. కథకుడికి ఒకపక్క హాస్యం, మరొకపక్క రాజకీయం. వారు తాళం వేయడంతో ఊరుకోరు. అడ్డు తగులుతారు, ఎగతాళి చేస్తారు, ‘అదెలా?’ అంటారు. అడిగే శ్రోతకు వేదికమీదనే చోటు దొరికింది.

ఈ మాటలు ఇతరులను తప్పుపట్టడానికి రాయడంలేదు. ఆ మధ్య ఒక విద్యార్థి సభలో నేను గంటసేపు మాట్లాడాను. చివర ఒక అమ్మాయి లేచి, ‘మాస్టారూ, మీరు చెప్పినదానికి ఆధారం ఏమిటండీ?’ అన్నది. కార్యకర్తలు వేళ మించిందని ఆమెను కూర్చోబెట్టారు. నేను నోరు మెదపలేదు. చప్పట్లు మోగాయి, దండ పడింది.

హారతి పళ్ళెం ఒక్కటే తక్కువ. ఆ అమ్మాయికి నేనింకా సమాధానం బాకీ.