కాలువ విడిస్తేనే కరెంటు

మా దగ్గర "కాలువ విడిచిండ్రు" అన్న మాట వినబడితే పొలాలకు నీళ్లొస్తున్నాయనే కాదు, పవర్‌హౌస్ కూడా నడుస్తోందని అర్థం.

నిజాంసాగర్ అనగానే బయటివాళ్లకు మంజీర మీది ఆనకట్ట, వరద గేట్లే గుర్తొస్తాయి. ఏడో నిజాం ఏలుబడిలో 1923లో పని మొదలై 1931కి పూర్తయింది. కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆయన పుట్టిన జూలై 11నే తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవం జరుపుకుంటున్నాం. ఈ ఆయకట్టు వరి, ఒకప్పుడు బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి బండ్ల మీద వెళ్లిన చెరకు ఆ సాగర్ పుణ్యమే. పవర్‌హౌస్ 1950ల్లో వచ్చి చేరింది. ఇప్పుడు అక్కడున్నవి 5 మెగావాట్ల యూనిట్లు రెండు.

సాగర్‌లో నీటిమట్టం ఎత్తున ఉంటుంది, కాలువ పల్లాన ఉంటుంది. పైనుంచి దిగే నీళ్లను ఊరికే వదిలేయకుండా టర్బైన్ రెక్కల మీదికి మళ్లిస్తారు. రెక్కలు తిరిగితే వాటి ఇరుసుకు బిగించిన అయస్కాంతాలు తిరుగుతాయి. వాటి చుట్టూ కదలకుండా ఉన్న రాగితీగ చుట్టల్లో కరెంటు పుడుతుంది. సెకనుకు వెయ్యి లీటర్ల నీళ్లు 10 మీటర్లు కిందికి దిగితే, యంత్రాల్లో పోయేది పోగా సుమారు 80 కిలోవాట్లు చేతికొస్తుంది. నీళ్లు ఎక్కువైనా, ఎత్తు పెరిగినా కరెంటు ఆ మేరకు పెరుగుతుంది. బొగ్గు కాలేది లేదు, పొగ లేదు. పని చేసిన నీళ్లు తరగకుండా నురగలు కక్కుతూ కాలువలో పడి పొలాలకు పోతాయి. నీళ్లు ఎప్పుడు విడవాలో పొలం అవసరమే చెబుతుంది, యంత్రం దాని వెంట నడుస్తుంది. ఇంతకన్నా న్యాయమైన పొత్తు నాకు కనబడలేదు.

పూడిక మాత్రం ఇద్దరికీ శత్రువే. 29 టీఎంసీలకు పైగా పట్టేలా కట్టిన సాగర్ పూడికతో సగానికి పైగా కుంచించుకుపోయింది. 1970ల్లో ఆనకట్ట ఎత్తు పెంచాక 17.8 టీఎంసీలకు వచ్చింది. ఎగువన ఉన్న సింగూరు జలాశయం నిండక మా దాకా నీళ్లు దిగని ఏడాది మడీ ఎండుతుంది, టర్బైనూ ఆగుతుంది.

సాగర్ చూడ్డానికి వచ్చేవాళ్లు గేట్ల దగ్గర ఫొటోలు దిగి వెనుదిరగకండి. కాలువ పారే రోజుల్లో వచ్చి, గట్టు మీద కాసేపు నిలబడి, కరెంటు ఇచ్చి బయటికొస్తున్న ఆ నీళ్లను కూడా చూసి వెళ్లండి.