వాల్తేరు వర్ణపట ప్రయోగశాల: పరికరాల ప్రస్థానం

1926లో బెజవాడలో ప్రారంభమై అనంతరం వాల్తేరుకు తరలిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర పరిశోధనకు 1930ల తొలి ఏళ్లలో పునాది పడింది. లండన్‌లో ఆల్‌ఫ్రెడ్ ఫౌలర్ వద్ద పనిచేసి వచ్చిన కొచ్చర్లకోట రంగధామరావు పరమాణు వర్ణపటాలనూ, సి.వి. రామన్ శిష్యుడైన సూరి భగవంతం రామన్ ఫలితాన్నీ పరిశోధనాంశాలుగా చేపట్టడంతో, ప్రయోగశాలకు ఏ సామగ్రి కావాలన్నదీ చాలావరకు అప్పుడే తేలిపోయింది.

కాంతిని పట్టకం లేదా గ్రేటింగ్ సాయంతో తరంగదైర్ఘ్యాలుగా విడదీసి, ఆ రేఖలను ఫోటో ఫలకపై నమోదు చేసే సాధనమే వర్ణపటలేఖిని. తెలియని రేఖల పక్కనే ఇనుప ఆర్క్ వర్ణపటాన్నీ అదే ఫలకపై ముద్రించి, తరంగదైర్ఘ్యాలు ముందే తెలిసిన ఇనుప రేఖలతో సూక్ష్మదర్శిని కింద పోల్చి కొలవడం ఆనాటి పద్ధతి.

1928లో వెల్లడైన రామన్ ఫలితంలో, అణువులను తాకి చెదిరిన కాంతిలో అత్యల్పాంశం మాత్రమే రంగు మారి వస్తుంది. అందువల్ల పాదరసపు దీపం ఇచ్చే 4358 ఆంగ్‌స్ట్రామ్‌ల నీలి రేఖ కింద ద్రవాన్ని ఉంచి, ఫలకను గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి తెరిచి ఉంచేవారు. ద్రవాన్ని నింపే గాజు గొట్టానికి ఒక కొస చదునైన కిటికీగా ఉండగా, రెండో కొసను కొమ్ములా వంచి నల్లరంగు పూయడం వల్ల అక్కరలేని వెలుగు అక్కడే ఇంకిపోయేది.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలింది. ఒకసారి కదిపిన వర్ణపటలేఖినిలో చీలిక, కటకం, ఫలకల అమరికను మళ్లీ మొదటినుంచీ సరిచూడవలసిందే. యుద్ధానంతరం రంగధామరావు బృందం, కేంద్రకాల విద్యుదావేశపు తీరును రేడియో తరంగాలతో పరిశీలించే కేంద్రక చతుర్ధ్రువ అనునాదం వైపు మళ్లింది. దానితో గాజు పట్టకాల సరసన ఆసిలేటర్లూ చేరాయి.

1960లో లేజర్ ఆవిర్భవించాక ఇటువంటి ప్రయోగశాలలన్నిటా కాంతిజనకం మారిపోయింది. హీలియం-నియాన్ లేజర్ 632.8, ఆర్గాన్ లేజర్ 488, 514.5 నానోమీటర్ల వద్ద ఇచ్చే సన్నని ఏకవర్ణ పుంజానికి చిటికెడు పదార్థం చాలు. ఫోటో ఫలక స్థానంలో ఫోటోమల్టిప్లయర్ నిలిచింది. అయితే లేజర్ సొంత వెలుగే చెదిరి వచ్చి బలహీనమైన రామన్ రేఖలను కప్పివేయగలదు కాబట్టి, ఒకదాని వెంట ఒకటిగా రెండు గ్రేటింగులతో వడపోసే ద్వంద్వ మోనోక్రోమేటర్ తప్పనిసరైంది. కావలసిన వెలుగును సమకూర్చుకోవడం ఎంత ముఖ్యమో, అక్కరలేని దాన్ని అడ్డుకోవడమూ అంతే ముఖ్యం కనుక, లేజర్‌కు వెచ్చించే ధనంతో పాటు చీకటి గదికీ, గాజుపని తెలిసిన నిపుణుడికీ, వర్క్‌షాపుకూ చోటివ్వని అంచనాపత్రం అసంపూర్ణమే అవుతుంది.